స్క్రిపాల్‌పై విషప్రయోగం: వదిలేసిన గూఢచారిని ఎనిమిదేళ్ల తర్వాత ఎందుకు చంపాలనుకుంటారు?

గోదారిగట్టు:
2018 మార్చి 4న ఇంగ్లండ్‌లోని సాల్స్‌బరీలో సెర్గీ స్క్రిపాల్, ఆయన కూతురు ఒక బెంచీ మీద స్పృహ లేకుండా కనిపించారు. సోవియట్ యూనియన్‌లో తయారుచేసిన నోవిచోక్ అనే నరాల విషం అని తర్వాత తేలింది. స్క్రిపాల్ రష్యా సైనిక గూఢచారి సంస్థ జీఆర్‌యూలో కల్నల్. బ్రిటన్‌కు రహస్యాలు చేరవేశాడని 2006లో 13 ఏళ్ల శిక్ష వేశారు. 2010లో రష్యానే క్షమాభిక్ష పెట్టి, అమెరికాలో దొరికిన తమ పదిమంది గూఢచారులను విడిపించుకునే మార్పిడిలో పంపేసింది. చంపాలనుకుంటే జైల్లోనే చంపేవాళ్లు కదా! చచ్చిన పామును కొట్టడం దేనికి? పైగా అదే నెల 18న పుతిన్ ఎన్నిక, జూన్‌లో రష్యాలోనే ఫుట్‌బాల్ వరల్డ్ కప్. రసాయన ఆయుధాలపై పరిశోధన చేసే బ్రిటన్ ప్రభుత్వ పోర్టన్ డౌన్ ల్యాబ్ చూస్తే సాల్స్‌బరీకి కూతవేటు దూరం. నాకెందుకో బ్రిటన్ మీదే అనుమానం.

రాత్రిషిఫ్ట్:
ఎన్నిక ఉంది కాబట్టే చేశారేమో. పడమటి దేశాలు మన మీద పడ్డాయంటే ఓట్లు రాలతాయి.

పాతపేపర్:
గెలుపు ఖాయమైన ఎన్నికకు అంత టెన్షన్ ఎవరు పడతారండీ? ల్యాబ్ దగ్గర్లో ఉండటం సాక్ష్యం కాదు. విషం పెట్టారని బ్రిటన్ ఆరోపించిన, దొంగ పేర్లతో వచ్చిన ఇద్దరు రష్యన్లు తర్వాత టీవీలో కూర్చుని, సాల్స్‌బరీలో 123 మీటర్ల చర్చి శిఖరం చూడటానికి వెళ్లామన్నారు. గుమ్మడికాయల దొంగ సామెతే గుర్తొచ్చింది నాకు.

అసలు గురి స్క్రిపాల్ ఒక్కడే అనుకుంటే లెక్క తేలదు. ఇవాళ జీఆర్‌యూలో పనిచేస్తూ, అవతలివాళ్లకు అమ్ముడుపోదామా అని ఊగిసలాడేవాడు ఒకడు ఉంటాడు. ఈ వార్త వాడి కోసం.

గోదారిగట్టు:
హెచ్చరికైతే అందరికీ తెలిసేలా చేయాలిగా? తలుపు పిడికి పూసి జారుకున్నారు. మొదట్లో డ్రగ్స్ ఎక్కువై పడిపోయారనే అనుకున్నారు. ఆ అనుమానం దగ్గరే ఆగి ఉంటే నోవిచోక్ పేరే బయటికి వచ్చేది కాదు.

పాతపేపర్:
ఈ పాయింట్ గట్టిదే. 2006లో లండన్‌లో రష్యా మాజీ గూఢచారి లిత్వినెంకో ఒంట్లో పొలోనియం అనే రేడియోధార్మిక విషం ఉందని కూడా ఆయన చనిపోయే కొన్ని గంటల ముందే తెలిసింది. కానీ హెచ్చరిక ఊరంతా వినక్కర్లేదు. జనం ఏ జబ్బో అనుకున్నా, ఆ వృత్తిలో ఉన్నవాళ్లకు విషయం అర్థమైపోతుంది.

రాత్రిషిఫ్ట్:
మీరిద్దరూ వాళ్లను మరీ తెలివైనవాళ్లను చేస్తున్నారు. సెంటు సీసాలో తెచ్చిన విషాన్ని అక్కడే వదిలేశారు. అది ఎవరికో దొరికి, జూన్ 30న దగ్గర్లోని ఏమ్స్‌బరీలో ఓ మహిళ సెంటే అనుకుని చేతికి రాసుకుంది. జూలై 8న చనిపోయింది. ఈ గొడవతో ఏ సంబంధమూ లేని మనిషి, 44 ఏళ్లు.

గోదారిగట్టు:
అది ఘోరమే, కాదనను. నా ప్రశ్న మాత్రం అలాగే ఉంది. మార్పిడిలో వదిలినవాణ్ణి చంపబోతే, మళ్లీ మార్పిడికి ఎవరు ఒప్పుకుంటారు?

పాతపేపర్:
ఒప్పుకున్నారుగా. 2024 ఆగస్టులో అంకారాలో భారీ మార్పిడే జరిగింది. బెర్లిన్‌లో హత్య చేసి జర్మనీ జైల్లో ఉన్న రష్యా ఏజెంట్ క్రాసికోవ్‌ను అందులోనే విడిపించుకున్నారు. మాస్కో విమానాశ్రయంలో పుతిన్ స్వయంగా ఎదురెళ్లి కౌగిలించుకున్నాడు. ఆ వీడియో జీఆర్‌యూలో ఎవరూ చూడలేదంటారా?