బల్లార్షా యార్డులో గూడ్స్ రేకులు వీడియో తీయాలె: ఎక్కడ నిలబడాలె, ఎప్పుడు కదులుతదో ఎట్ల పట్టాలె?

రాజురా_లూప్‌లైన్ అడిగిన ప్రశ్న

అన్నలకు నమస్తే. మహారాష్ట్రల ఉన్న బల్లార్షాలో గూడ్స్ బండ్లు తీయాలని ఉంది. 4కె వచ్చే ఫోను, 70-300 లెన్సున్న పాత డీఎస్‌ఎల్‌ఆర్ ఉన్నయి. జీటీ, తమిళనాడు, కేరళ, తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లకైతే టైముంటది, ఎన్‌టీఈఎస్ (బండి ఎక్కడుందో చెప్పే రైల్వే యాప్) చూస్తే ఎక్కడుందో తెలుస్తది. గూడ్సుకు అదేం లేదు. గంటన్నర కదలని రేకు (ఒకటిగ కలిపిన వ్యాగన్ల వరుస), కెమెరా లోపల పెట్టంగనే కదులుతది.

యార్డు లోపలికి అడుగు పెట్టకుండ మంచి ఫ్రేము దొరికే చోటేది? మధ్యాహ్నం జూమ్ చేస్తే బొమ్మ నీళ్లల్ల ఊగినట్టు వస్తున్నది, అది లెన్సు దోషమా? హారన్ పడంగనే మిగతా సౌండంతా అణిగిపోతున్నది, దానికేం చెయ్యాలె? పర్మిషన్ కోసం సికింద్రాబాద్ డివిజన్‌కు రాస్తే సరిపోతదా?

వార్ధా_ఆవలిగట్టు

తమ్మీ, టైమ్‌టేబుల్ లేదన్న మాట నిజమే గానీ గూడ్స్ బండి చెప్పకుండ కదలదు. చెప్పేది మనం చూస్తలేం, అంతే.

ముందు ఆ బండి అక్కడ ఎందుకు ఆగిందో తెలుసుకో. ఇప్పటి గూడ్సు ఎక్కువగా బ్లాక్ రేకులే. సైడింగ్‌లో (సరుకు నింపే పక్క లైనుల) నింపిన వ్యాగన్లు విడిపోకుండ దించే చోటిదాక ఒకటిగనే పోతయి. కాబట్టి బల్లార్షాలో నిలబడ్డ రేకు చాలాసార్లు షంటింగ్ (వ్యాగన్లు విడదీసి మళ్ల కలపడం) కోసం నిలబడ్డది కాదు. అక్కడ మధ్య రైల్వే అయిపోయి దక్షిణ మధ్య రైల్వే మొదలైతది, సిబ్బంది మారాలె. లేదా ముందు ఎక్స్‌ప్రెస్‌లను వదలాలె. లేదంటే టీఎక్స్‌ఆర్ (ట్రైన్ ఎగ్జామినర్) వాళ్లు పరీక్ష చేస్తున్నరు. మూడింటికీ మూడు రకాల ఓపిక కావాలె. వ్యాగన్ల పక్కన మనుషులు వంగి సుత్తెతో కొట్టుకుంట, బ్రేకు రాడ్లు చూసుకుంట నడుస్తున్నరంటే ఆ బండి ఇప్పట్ల పోదు, నువ్వు పోయి చాయ్ తాగి రావచ్చు.

పోయే ముందు గుర్తులు ఒక వరుసల వస్తయి. కొత్త లోకో పైలట్, అసిస్టెంట్ బ్యాగులతో ఇంజను దగ్గరికి నడుస్తరు. గార్డు (2022 నుంచి ట్రైన్ మేనేజర్ అంటున్నరు) వెనక బ్రేక్ వ్యాన్ దిక్కు పోతడు. తరవాత బ్రేక్ పైపుల గాలి నింపుతరు, ఇంజను దగ్గర అది చదరపు సెంటీమీటరుకు 5 కేజీలకు రావాలె. ప్రెషర్ ఎక్కుతుంటే వ్యాగన్ల బ్రేకులు ఒకదాని తరవాత ఒకటి వదులుకుంటయి. ఆ ‘స్స్’ మని వచ్చే శబ్దం ఇంజను నుంచి వెనక్కి పాకుతది. అది వినబడ్డదంటే కెమెరా చేతిల ఉండాలె. ఆఖరుకు స్టార్టర్ సిగ్నల్ (బండిని స్టేషన్ నుంచి పోనిచ్చే సిగ్నల్) పసుపో, పచ్చో పడతది. సిగ్నల్ చూసినంక కెమెరా తీస్తే ఆలస్యమే.

ఎన్‌టీఈఎస్ గూడ్సుకు పనికిరాదనుకోకు, తలకిందులుగ వాడాలె. కాజీపేట దిక్కు పోయే ఎక్స్‌ప్రెస్‌లు మూడు వరసగ వస్తున్నయంటే, అటు ముఖం పెట్టి నిలబడ్డ గూడ్సు అవి దాటేదాక కదలదు. మూడోది పోయినంక వచ్చే ఖాళీలనే దాన్ని వదులుతరు. ఇంజను దక్షిణం కొసకు ఉంటే మాణిక్‌గఢ్ మీదుగ కాజీపేట లైను. ఉత్తరం కొసకు ఉంటే చంద్రపూర్ దిక్కో, గోండియా లైనో.

ఇగ లెక్క. బాక్స్‌ఎన్ హెచ్‌ఎల్ (పైన మూత లేని) వ్యాగన్ ఒకటి దగ్గర దగ్గర 11 మీటర్లు. 58 వ్యాగన్లకు ఇంజను, బ్రేక్ వ్యాన్ కలుపుకుంటే 670 మీటర్లు. లూప్ లైన్లు (బండ్లు పక్కకు ఆగే లైన్లు) 686 మీటర్ల ప్రమాణానికి ఎందుకు కట్టిన్రో దీంతోనే అర్థమైతది. 1 ఇన్ 12 పాయింట్ల (లైను మార్చే పట్టాల) మీద లూపులకు 30 కిలోమీటర్ల వేగంతో వస్తే రేకంతా నీ ముంగట దాటడానికి 80 సెకన్లు. పాత 1 ఇన్ 8½ పాయింట్ల మీద 15తో వస్తే 160 సెకన్లు. బ్రేక్ వ్యాన్ దాటి, ఎల్‌వీ బోర్డు (ఆఖరి వ్యాగన్ అని చెప్పే గుర్తు) స్పష్టంగ కనబడినంక ఇంకో పది సెకన్లు తియ్యి. చాలామంది యాభయ్యో వ్యాగన్ దగ్గరనే ఆపేస్తరు, బండి మొండెం లెక్క మిగులుతది.

ఇంకోటి, రేకు నడుమ ఇంజను వచ్చిందంటే బండి అయిపోయిందనుకోకు. రెండు రేకులు కలిపి నడిపే లాంగ్ హాల్ అది, వెనక ఇంకో యాభై ఎనిమిది ఉంటయి. 2021 అక్టోబరుల దక్షిణ మధ్య రైల్వే త్రిశూల్, గరుడ పేర్లతో మూడేసి రేకులు కలిపి నడిపింది.

సిర్పూర్_డౌన్‌హోమ్

పర్మిషన్ సంగతి. సికింద్రాబాద్‌కు రాస్తే నెల రోజులు పోయి, మాది కాదన్న జవాబు వస్తుంది. బల్లార్షా స్టేషన్ మధ్య రైల్వే నాగపూర్ డివిజన్‌ది. వార్ధా వంతెన దాటి మాణిక్‌గఢ్, విహిర్‌గావ్, విరూర్, మాకుడి అన్నీ సికింద్రాబాద్ డివిజన్. గోండియా లైను ఆగ్నేయ మధ్య రైల్వే. తెలుగువాళ్లం చాలామంది ఇక్కడే పొరపాటు పడతాం. చానెల్ కోసం, డబ్బు వచ్చే పని కోసం అయితే ఆ జోన్ పౌర సంబంధాల విభాగానికి తేదీ, చోటు, సామాను వివరాలతో ముందే రాయాలి. సొంతానికి ఫోనులో తీసుకునేదైనా సరే, స్టేషన్ మాస్టర్‌కో, ఆర్‌పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) పోస్టుకో ఒక మాట చెప్పి నిలబడితే మధ్యలో ఎవరూ వచ్చి ఆపరు. ప్లాట్‌ఫాం టికెట్ 10 రూపాయలు, రెండు గంటలే చెల్లుతుంది. గూడ్సు కోసం కాచుకునేవాళ్లు ఈ రెండు గంటలు మరిచిపోయి జరిమానా కడతారు.

యార్డులోకి దిగడం 1989 రైల్వే చట్టం 147 సెక్షన్ కింద నేరం, ఆరు నెలల దాకా జైలు కూడా ఉంది. చట్టం సరే, అసలు ప్రమాదం వేరే. యార్డులో ముందు ఇంజను లేని వ్యాగన్లను వెనక నుంచి నెడుతుంటారు. ముందు వచ్చే వ్యాగన్‌కు లైటూ ఉండదు, హారనూ ఉండదు. పక్క లైనులో ఎక్స్‌ప్రెస్ పోతుంటే ఆ చప్పుడులో ఇది అసలే వినబడదు. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టినవాడికి రెండు పక్కలా ఏమీ కనబడదు. కాబట్టి ఎంత మంచి ఫ్రేమైనా పట్టాల మధ్య నుంచి తీయకండి.

ఎఫ్‌ఓబీ (పట్టాల మీది నడక వంతెన) మీద గుంపుగా కాపు కాయడం కూడా వద్దు. 2022 నవంబరులో ఇదే స్టేషన్‌లో ఎఫ్‌ఓబీ స్లాబులు కూలి ప్రయాణికులు పట్టాల మీద పడ్డారు, ప్రాణం పోయింది. అది నడిచే దారి, అలాగే వాడుకోవాలి. అక్కడి నుంచి సెల్ఫీ స్టిక్, మోనోపాడ్ కిందికి చాపితే ఇంకా ఘోరం. పట్టాల పైన తీగలో 25 కేవీ (25 వేల వోల్టులు) ఉంటుంది, తగలక్కరలేదు, దగ్గరికి పోతే చాలు. రెండు మీటర్ల లోపలికి మనిషిగానీ వస్తువుగానీ పోకూడదు.

చోటు విషయానికొస్తే ప్లాట్‌ఫాం రెండు కొసలే మంచివి, ర్యాంపు మొదలయ్యే చోటికి ముందే ఆగిపోవాలి. ఇక్కడ లైను దాదాపు ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. పొద్దున తూర్పు పక్క ప్లాట్‌ఫాం నుంచి, సాయంత్రం పడమటి పక్క నుంచి తీస్తే ఎండ వ్యాగన్ మీద పడి దాని మీది అక్షరాలు చదవొస్తాయి. ఇటుదటు చేస్తే నల్లటి బొగ్గు రేకు నల్లటి గోడలాగే వస్తుంది.

రాయగడ_ఘాట్‌సెక్షన్

సౌండ్ గురించి నేను చెప్తానండి. ఫోను దానంతట అదే మైకు లెవెల్ సర్దుకుంటుంది. హారన్ పడగానే లెవెల్ కిందికి లాగేసి, మళ్లీ పైకి రావడానికి కొన్ని సెకన్లు తీసుకుంటుంది. ఆ సెకన్లలోనే బండి కదిలే అసలు శబ్దం పోతుంది. చిన్న రికార్డరో, లెవెల్ చేత్తో పెట్టుకునే యాపో వాడండి. మామూలు శబ్దాలు మైనస్ 30 డెసిబెల్ దగ్గర, హారన్ మైనస్ 6 దాటకుండా ఉండేలా పెట్టి మళ్లీ ముట్టుకోకండి. గాలి రొద తగ్గుతుందని లో కట్ (మంద్ర శబ్దాలను కోసేసే బటన్) నొక్కుతారు చాలామంది. దాంతో గాలితోపాటు ఇంజను గుండె చప్పుడు కూడా పోతుంది. లో కట్ బదులు మైకుకు బొచ్చు తొడుగు వేయండి.

మైకు ఇంజను దగ్గర పెట్టాలనుకోవడం కూడా తప్పేనండి. గూడ్సు కదిలేటప్పుడు కప్లర్ల (వ్యాగన్లను కలిపే కొక్కేల) వదులు ఒక్కొక్కటే బిగుస్తుంది. ఆ ‘ధన్ ధన్ ధన్’ ఇంజను నుంచి బ్రేక్ వ్యాన్ దాకా పరుగెడుతుంది. రేకు నడుమకు ఎదురుగా ఉంటే అది ఎడమ చెవి నుంచి కుడి చెవికి దాటిపోవడం స్టీరియోలో పూర్తిగా వస్తుంది. ఖాళీ రేకులో ఈ మోత గలగలమంటుంది, నిండు రేకులో స్ప్రింగులు అణిగి ఉంటాయి కాబట్టి బొద్దుగా వస్తుంది. మా రాయగడలో విజయనగరం, టిట్లాగఢ్, కోరాపుట్ మూడు వైపుల రేకులూ కలుస్తాయి. కళ్లు మూసుకుని విన్నా నిండుదో ఖాళీదో చెప్పొచ్చు.

వ్యాగ్-9 అనే కరెంటు ఇంజన్లలో పాత జీటీవో (మోటార్లకు కరెంటు సర్దే పాత రకం పరికరం) ఉన్నవి కదిలేటప్పుడు స్వరం మెట్లు మెట్లుగా మారుతూ పాడినట్టు ఉంటుంది. ఐజీబీటీ (దాని కొత్త రకం) వాటిలో ఆ మెట్లు ఉండవు. జీటీవోవి తగ్గిపోతున్నాయి, దొరికినప్పుడు బాగా రికార్డు చేసి పెట్టండి. దయచేసి దాని మీద సినిమా పాట వేయకండి.

వార్ధా_ఆవలిగట్టు

నీళ్లల్ల ఊగినట్టు రావడం లెన్సు దోషం కాదు తమ్మీ. కంకర కాగి పైకి లేచే వేడిగాలి అది. మే నెల చంద్రపూర్ జిల్లాల 45 దాటుతది. 300 జూముతో ఎంత దూరంది తీస్తే అంత ఊగుతది, ఏ సెట్టింగుతోని తగ్గదు. తొమ్మిది లోపల, అయిదు దాటినంక దూరపు షాట్లు తియ్యి. నడుమ తియ్యాలంటే జూము తగ్గించి దగ్గరి వ్యాగన్లు పట్టుకో. ఫోను ఎండల వేడెక్కి రికార్డింగ్ ఆపేస్తది కాబట్టి నీడల పట్టుకో, కవరు తీసెయ్యి, స్క్రీను వెలుగు తగ్గించు. 4కె 30 ఫ్రేములు చాలు, 60 పెడితే వేడి, మెమరీ రెండూ ఎక్కువ. నిమిషానికి 170 నుంచి 400 ఎంబీ దాక పడతది, కోడెక్‌ను బట్టి.

ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ స్క్రీను మీద వేలు నొక్కిపట్టి లాక్ చెయ్యి. లేకుంటే వ్యాగన్‌కు వ్యాగన్‌కు నడుమ సందు వచ్చినప్పుడల్ల ఫోకస్ వెనక చెట్ల మీదికి పోయి వస్తది. రాత్రిపూట హెడ్‌లైట్ మీద కాదు, బండి రాకముందే ప్లాట్‌ఫాం లైటు పడ్డ కంకర మీద లాక్ చేసి ఎక్స్‌పోజర్ ఒక స్టాపు తగ్గించు. డీఎస్‌ఎల్‌ఆర్‌ల 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెడితే స్టేషన్ దీపాలు మినుకుమినుకుమనవు. బొగ్గు ధూళి పడ్డ లెన్సును అంగీతో తుడవకు, గీతలు పడతయి. ముందు బ్లోయరుతో ఊది, తరవాత మెత్తటి బట్ట.

రాజురా_లూప్‌లైన్

అన్నా, మస్తు పనికొచ్చినయి. ఇంకొక్కటి. కొన్ని రేకులల్ల ఒక వ్యాగన్ దగ్గర ‘టక్ టక్ టక్’ అని కొట్టినట్టు వస్తది. అది పట్టా అతుకా, చక్రమా? వ్యాగన్ మీది పొడుగు నంబరు ఎట్ల చదవాలె?

సిర్పూర్_డౌన్‌హోమ్

చప్పుడు ఒకేచోట నుంచి, ప్రతి చక్రానికీ వస్తే పట్టా అతుకు. చప్పుడు వ్యాగన్‌తో పాటు కదిలి పోతుంటే చక్రం మీద చదును పడింది, ఫ్లాట్ టైర్ అంటారు. బ్రేకు పట్టేసి చక్రం తిరగకుండా జారితే అలా అరుగుతుంది. చక్రం వ్యాసం మీటరు దగ్గర ఉంటుంది కాబట్టి ప్రతి మూడు మీటర్లకూ ఒక దెబ్బ. 30 వేగంలో సెకనుకు రెండున్నర దెబ్బలు పడతాయి.

నంబరు 11 అంకెలు. మొదటి రెండు వ్యాగన్ రకం, తరవాతి రెండు ఏ రైల్వేదో, ఆ తరవాతి రెండు తయారైన సంవత్సరం, నాలుగు వరుస సంఖ్య, చివరిది సరిచూసే అంకె. పైన అక్షరాల్లో బీసీఎన్ ఉంటే మూసి ఉండే వ్యాగన్, సిమెంటు, ధాన్యం పోతాయి. బీటీపీఎన్ అంటే పెట్రోలియం ట్యాంకు. బీఓబీఆర్‌ఎన్ అంటే కింద తలుపులు తెరుచుకుని బొగ్గు దించేది.

దెబ్బ చప్పుడు గట్టిగా ఉన్నా, చక్రం దగ్గర పొగ వచ్చినా, బ్రేకు రాడ్డు వేలాడుతూ కంకరకు తగులుతున్నా అప్‌లోడ్ తరవాత చూసుకోవచ్చు. వెంటనే స్టేషన్ మాస్టర్‌కో, దగ్గరున్న గేట్‌మ్యాన్‌కో చెప్పాలి, వాళ్లు దొరకకపోతే రైల్వే హెల్ప్‌లైన్ 139. నంబరు చదవడం కుదరకపోతే ఇంజను నుంచి ఎన్నో వ్యాగనో, ఏ పక్క చక్రమో, ఏ దిక్కు పోతోందో, ఎన్ని గంటలకు దాటిందో చెబితే చాలు. మీ వీడియోలో ఇంజను నుంచి లెక్కపెడితే ఆ వ్యాగన్ తేలిపోతుంది, తరువాతి స్టేషన్‌లో ఆపి చూస్తారు.