పొందూరు ఖద్దరు ప్రదర్శన: వాలుగ చేప దవడ పళ్లు ఊడుతున్నాయి, నూలు నిలవట్లేదు

నాగావళి గట్టు:
శ్రీకాకుళం దగ్గర పల్లెటూళ్లో చిన్న మ్యూజియం అండి. పొందూరు సన్న ఖద్దరు ఎలా తయారవుతుందో జనం ఎదుటే చేసి చూపించడానికి ఒక మూల సర్దుతున్నాం. పత్తి దువ్వడానికి తెచ్చిన వాలుగ చేప దవడల్ని నీచువాసన పోవాలని ఉడకబెడితే పళ్లు కదిలిపోయాయి. కొట్లో కొన్న దూదిని వాటితో దువ్వితే ఉండలు కడుతోంది. రాట్నం మీద నూలు నాలుగు బారలు కూడా రాకుండా తెగుతోంది. పొద్దున్న కాస్త నయం, మధ్యాహ్నం జనం వచ్చే వేళకి అసలు సాగదు. నూలు ఎంత సన్నదో చెప్పడానికి బోర్డు మీద ‘100 కౌంటు’ అని రాస్తే సరిపోతుందా?

కదురు:
కొట్లో దూది దగ్గరే మొదటి తప్పు జరిగిందండి. దవడతో దువ్వాల్సింది గింజ ఉన్న పత్తిని. పోగు మొదలు గింజకి అంటుకుని ఉంటుంది కాబట్టి గింజని వేళ్ల మధ్య పట్టుకుంటే అదే పిడి అవుతుంది. గింజ నుంచి బయటికి మెల్లగా దువ్వుతూ తిప్పుతూ ఉంటే ఆకు నలుసు రాలి, పోగులన్నీ ఒక వరసకి వస్తాయి. గింజ తీసేసిన దూదిలో పట్టు ఉండదు, దువ్వేకొద్దీ చిక్కు పడుతుంది. కొండపత్తో పునాస పత్తో గింజతో సహా తెప్పించండి. 100 గ్రాములు తెస్తే అందులో మూడో వంతే దూది, మిగతాది గింజ. ఒక పూట ప్రదర్శనకి అది చాలు.

దువ్విన పత్తిని చెక్క పలక మీద పెట్టి సన్న ఇనుప కడ్డీ దొర్లిస్తే గింజ ముందుకి జారి ఊడుతుంది. అంతకుముందు పత్తిని బాగా ఎండలో పెట్టాలి. చెమ్మ ఉంటే గింజ జారదు. జారట్లేదని గట్టిగా నొక్కితే చితికి, నూనె మరక, పొట్టు ముక్కలు దూదిలో ఉండిపోతాయి. ఆ పొట్టు దగ్గరే తర్వాత నూలు తెగుతుంది. ఇక ఏకడం, అంటే దూదిని విల్లుతో విడదీయడం: విల్లు నారిని దూదికి తగిలీ తగలనట్టు మోగించాలి, బాదితే మళ్లీ ఉండలే. ఏకిన దూదిని చుట్టిన ఏకుల్ని అరటి డొప్పలో పెట్టి పట్టుకుంటారు, చేతి చెమట, మురికి అంటకుండా. డొప్ప నీడన ఆరాలి, ఎండకి పెళుసెక్కి పగులుతుంది.

గుంట మగ్గం:
పొద్దున్న నయమన్నారు కదా, మీ జబ్బు అక్కడే తెలిసిపోతోంది. పత్తి పోగుకి తేమ ఉంటేనే బలం. గింజ తీయడానికి ఎండ కావాలి, వడకడానికి చెమ్మ కావాలి. మధ్యాహ్నం ఫ్యాన్ కింద రాట్నం పెడితే ఎంత చెయ్యి తిరిగినవాళ్లకైనా సాగదు. ఫ్యాన్ ఆపి, నేల తడిపి, కిటికీకి తడి గోనె కట్టండి. ఏసీ గది అయితే ఆ మూల వేరే చోటికి మార్చడం మేలు. మగ్గం గుంటలో ఉండడానికి ఉన్న లాభాల్లో ఇదీ ఒకటి, పడుగు (మగ్గం మీది నిలువు పోగులు) నేల చెమ్మకి దగ్గరగా ఉంటుంది.

తెగిన కొసని కూడా చూడండి. పోగులు పొడుగ్గా జారి విడిపోతే పురి, అంటే నూలు మెలి, చాలలేదు. మొండిగా తెగి మెలికలు చుట్టుకుంటే పురి ఎక్కువైంది. కదురు (రాట్నంలో నూలు చుట్టుకునే ఇనుప పుల్ల) తిరిగిన ప్రతిసారీ ఒకేలా కుదుపు వస్తుంటే కదురు వంగింది, మీ చెయ్యిది తప్పు కాదు.

పాత పెట్టె:
దవడలు ఉడకబెట్టకండి. పళ్లని ఎముకకి పట్టి ఉంచే కణజాలం వేడికి మెత్తబడి వదిలేస్తుంది. బ్లీచింగ్ కూడా వద్దు, ఎముక పెళుసవుతుంది. పచ్చిగా ఉన్నప్పుడే మాంసం గీకి, ఒకటి రెండు రోజులు మామూలు నీళ్లలో ఉంచి, పూటపూటకీ నీళ్లు మార్చి, మెత్తటి బ్రష్షుతో రుద్ది నీడన ఆరబెట్టండి. అద్దాల పెట్టెలో పెట్టే ముందు కవర్లో బిగించి -20 డిగ్రీల ఫ్రీజర్లో వారం ఉంచితే లోపలి పురుగు, గుడ్లు చస్తాయి. దువ్వడానికి ఒక జత, చూపించడానికి ఒక జత విడిగా పెట్టుకోండి, వాడేకొద్దీ పళ్లు అరుగుతాయి.

పాత పంచెలు పెడుతుంటే ముందు గంజి ఉతికి తీసేయండి, వెండి పురుగు దాని కోసమే వస్తుంది. మడత మీద నిలవ ఉంచకుండా గొట్టానికి చుట్టండి. వెలుతురు 50 లక్స్ దాటనివ్వద్దు.

‘100 కౌంటు’ అని ఊరికే రాస్తే అర్థం కాదు. పాత ఇంగ్లీషు లెక్కలో ఒక పౌను బరువు నూలులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) 100 వస్తాయి, అంటే గ్రాముకి దాదాపు 169 మీటర్లు. మెట్రిక్ లెక్కలో గ్రాముకి 100 మీటర్లే. ఏ లెక్కో బోర్డు మీద రాయండి.

నాగావళి గట్టు:
ధన్యవాదాలండి. రేపే ఫ్యాన్ తీయిస్తాం. మా దగ్గరున్న నూలు ఏ కౌంటో మేమే తేల్చుకోవచ్చా?

పాత పెట్టె:
తేల్చుకోవచ్చు. 100 మీటర్లు కొలిచి నగల తక్కెడలో తూచండి. 1 గ్రాము తూగితే మెట్రిక్ 100, 0.59 తూగితే ఇంగ్లీషు 100. తడి నేల మీద నుంచి తెచ్చిన చిలపని వెంటనే తూచకండి, పీల్చిన చెమ్మ బరువు కూడా కలుస్తుంది.