8 జీబీ ల్యాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్: కొత్త వీఎంకి సెట్టింగ్స్ ఏం పెట్టాలి?

రాత్రిబూట్:
విండోస్ 11 ల్యాప్‌టాప్, ఐ5 (4 కోర్లు, 8 థ్రెడ్లు), 8 జీబీ ర్యామ్, సీ డ్రైవ్‌లో 70 జీబీ ఖాళీ. వర్చువల్‌బాక్స్‌లో (ల్యాప్‌టాప్ లోపల వీఎం, అంటే ఇంకో ఊహా కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) ఉబుంటు 24.04 లినక్స్ వేసుకోవాలి. అందులో పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్), ఎంజిన్ఎక్స్ (వెబ్ సర్వర్) నడవాలి, విండోస్ నుంచి ఎస్ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి టెర్మినల్‌లో లాగిన్ అయ్యే పద్ధతి) లోపలికి వెళ్లాలి. ర్యామ్, సీపీయూ, డిస్క్ ఎంతెంత ఇవ్వాలి? డిస్క్ ఫిక్స్‌డ్‌గా (మొత్తం సైజు ముందే కేటాయించి) పెడితేనే స్పీడ్ అంటున్నారు, నిజమేనా? నెట్‌వర్క్ నాట్ (వీఎం విండోస్ కనెక్షన్ వెనకే ఉండడం) చాలా, బ్రిడ్జ్‌డ్ (వీఎం నెట్‌వర్క్‌లో వేరే పరికరంలా ఉండడం) కావాలా? ఏదైనా తప్పు పెడితే మళ్లీ మొదటినుంచి చేయాల్సి వస్తుందా?

సర్వర్‌గది:
చివరి ప్రశ్న ముందు తేల్చుకుంటే మిగతావి తేలిక. ర్యామ్, సీపీయూ, వీడియో మెమరీ, నెట్‌వర్క్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు, వీఎంని పూర్తిగా షట్‌డౌన్ చేస్తే చాలు. సేవ్ చేసిన స్టేట్‌లో ఉంటే చాలా సెట్టింగ్స్ బూడిద రంగులో బిగుసుకుపోయి కనిపిస్తాయి. జాగ్రత్తపడాల్సినవి మూడే. ఈఎఫ్ఐ (వీఎం బూట్ అయ్యే పద్ధతి) టిక్కు ఇన్‌స్టాల్ అయ్యాక మారిస్తే బూట్ కాదు. డిస్క్ సైజు తర్వాత పెంచొచ్చు గానీ తగ్గించలేం. మూడోది అన్‌అటెండెడ్ ఇన్‌స్టలేషన్.

ఈ మూడోదే కొత్తవాళ్లని ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. మొదటి స్క్రీన్‌లో ఐఎస్ఓ (ఉబుంటు ఇన్‌స్టాల్ ఫైలు) ఎంచుకోగానే వర్చువల్‌బాక్స్ తనే ఇన్‌స్టాల్ చేసేయాలని చూస్తుంది. వదిలేస్తే యూజర్ పేరు వీబాక్స్‌యూజర్, పాస్‌వర్డ్ చేంజ్‌మీ అని పడతాయి, పైగా ఆ యూజర్‌కి సుడో (అడ్మిన్) హక్కు ఉండదు. దీన్ని ఆపే టిక్కు పేరు వర్చువల్‌బాక్స్ వెర్షన్‌ని బట్టి మారుతుంది కాబట్టి ఇంకో దారి చెబుతాను: ఐఎస్ఓ గడి ఖాళీగా వదిలి, రకం లినక్స్, ఉబుంటు 64-బిట్ అని మీరే ఎంచుకోండి. వీఎం తయారయ్యాక సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌కి వెళ్లి, ఖాళీ సీడీ బొమ్మ దగ్గర ఐఎస్ఓ తగిలించండి. అప్పుడు మామూలు ఇన్‌స్టాలరే వస్తుంది.

ఇక ర్యామ్. ఉబుంటు డెస్క్‌టాప్ సాఫీగా నడవాలంటే 4 జీబీ ఇవ్వాలి. మీ దగ్గర ఉన్నదే 8. విండోస్ 11, నాలుగు బ్రౌజర్ ట్యాబులు కలిపి మిగతా 4 జీబీనీ తినేస్తాయి, అప్పుడు విండోస్ ర్యామ్‌లో పట్టనిదాన్ని డిస్క్ మీదికి మార్చడం (స్వాప్) మొదలుపెట్టి రెండూ పాకుతాయి. మీ పనికి డెస్క్‌టాప్ అవసరమే లేదు. ఉబుంటు సర్వర్ ఐఎస్ఓ తీసుకుని 2048 ఎంబీ ఇవ్వండి, పోస్ట్‌గ్రెస్, ఎంజిన్ఎక్స్ నేర్చుకోవడానికి హాయిగా సరిపోతుంది. సీపీయూ 2. ఎక్కువ ఇస్తే ఎక్కువ వేగం అనుకోవద్దు: మీకున్న అసలు కోర్లు నాలుగే, వాటికి మించి ఇస్తే రెండు ఓఎస్‌లూ ఒకదాని కోసం ఒకటి ఆగుతూ ఉంటాయి.

డిస్క్‌గురి:
డిస్క్ సంగతి నేను చెబుతాను. వీడీఐ (వర్చువల్‌బాక్స్ డిస్క్ ఫైలు రకం), డైనమిక్, 40 జీబీ పెట్టండి. ఎస్ఎస్‌డీ మీద ఫిక్స్‌డ్‌కీ దీనికీ మీ పనిలో తేడా తెలియదు. ఫిక్స్‌డ్ అయితే 70లో 40 ఇప్పుడే పోతుంది. డైనమిక్ ఫైలు వాడినకొద్దీ పెరుగుతుంది, లోపల ఫైళ్లు చెరిపినా దానంతటది తగ్గదు. సీ డ్రైవ్ నిండితే వీఎం నడుస్తుండగానే పాజ్ అయిపోతుంది, అందుకని 15 జీబీ ఎప్పుడూ ఖాళీ ఉంచుకోండి. వీఎం ఫోల్డర్‌ని వన్‌డ్రైవ్ సింక్ చేసే చోట మాత్రం పెట్టొద్దు.

సర్వర్ ఇన్‌స్టాలర్‌లో ఒక మెలిక ఉంది. డీఫాల్ట్‌గా ఎల్‌వీఎం (డిస్క్‌ని భాగాలుగా పంచే పద్ధతి) వాడుతుంది, 40 జీబీ డిస్క్ ఇచ్చినా రూట్‌కి (సిస్టమ్ ఉండే భాగానికి) దాదాపు సగమే కేటాయించి మిగతాది ఊరికే ఉంచుతుంది. స్టోరేజ్ సారాంశం చూపించే తెరలో ఉబుంటు-ఎల్‌వీ అన్న వరుస మీద ఎంటర్ కొట్టి, ఎడిట్‌లో సైజుని అది చూపించే గరిష్ఠానికి మార్చండి. అదే ఇన్‌స్టాలర్‌లో తర్వాత ఓపెన్ఎస్ఎస్‌హెచ్ సర్వర్ టిక్కు అడుగుతుంది, అది మర్చిపోవద్దు.

సర్వర్‌గది:
నెట్‌వర్క్: నాట్ చాలు. బ్రిడ్జ్‌డ్ పెడితే వీఎంకి రూటర్ నుంచి సొంత ఐపీ కావాలి. హాస్టల్, ఆఫీసు వైఫైల్లో ఒక కనెక్షన్‌కి రెండో పరికరాన్ని చాలాసార్లు ఒప్పుకోరు, ఇంటికీ హాస్టల్‌కీ ఐపీ కూడా మారిపోతుంది. నాట్‌లో వీఎం ఐపీ సాధారణంగా 10.0.2.15. విండోస్ నుంచి నేరుగా అందదు కాబట్టి పోర్ట్ ఫార్వర్డింగ్‌లో (విండోస్ పోర్ట్‌కి వచ్చినదాన్ని వీఎం పోర్ట్‌కి పంపే సెట్టింగ్) ఒక వరుస చేర్చండి: ప్రొటోకాల్ టీసీపీ, హోస్ట్ ఐపీ 127.0.0.1, హోస్ట్ పోర్ట్ 2222, గెస్ట్ ఐపీ ఖాళీ, గెస్ట్ పోర్ట్ 22. హోస్ట్ ఐపీ ఖాళీగా వదిలితే అదే వైఫైలో ఉన్న ఎవరైనా ఆ తలుపు తట్టొచ్చు, అందుకే 127.0.0.1 తప్పనిసరి. తర్వాత విండోస్ టెర్మినల్‌లో 127.0.0.1కి పోర్ట్ 2222తో ఎస్ఎస్‌హెచ్ చేయడమే.

పోస్ట్‌గ్రెస్‌కి కూడా 5432 ఫార్వర్డ్ చేస్తే పనవుతుందనుకుంటారు, కాదు. అది డీఫాల్ట్‌గా వీఎం లోపలి లోకల్‌హోస్ట్ నుంచి వచ్చేవాటినే వింటుంది. దాని కాన్ఫిగ్ మార్చడం కంటే ఎస్ఎస్‌హెచ్ టనెల్ (ఎస్ఎస్‌హెచ్ కనెక్షన్ లోపలినుంచే పోస్ట్‌గ్రెస్‌కి చేరడం) మంచిది: డేటాబేస్ చూసే ప్రోగ్రాములు పీజీఅడ్మిన్‌లో, డీబీవర్‌లో ఆ ట్యాబ్ ఉంటుంది.

రాత్రిబూట్:
సర్వర్ ఐఎస్ఓతో చేశాను, ఎస్ఎస్‌హెచ్ వచ్చింది, థాంక్యూ అన్నా. కానీ చాలా నెమ్మదిగా బూట్ అవుతోంది, కింద కుడివైపు తాబేలు బొమ్మ ఉంది. టాస్క్ మేనేజర్‌లో వర్చువలైజేషన్ ఎనేబుల్డ్ అనే చూపిస్తోంది. ల్యాప్‌టాప్‌లో డబ్ల్యూఎస్ఎల్2 (విండోస్‌లోనే లినక్స్ నడిపే సదుపాయం) కూడా ఉంది.

డిస్క్‌గురి:
కారణం ఆ డబ్ల్యూఎస్ఎల్2యే. అది హైపర్-వీ (విండోస్ సొంత వర్చువలైజేషన్) మీద నడుస్తుంది. ప్రాసెసర్ వర్చువలైజేషన్‌ని హైపర్-వీ ముందే పట్టుకుంటే వర్చువల్‌బాక్స్ దాని మీద ఎక్కి నడవాల్సి వస్తుంది, తాబేలు దానికి గుర్తు. తీసేయాలంటే విండోస్ ఫీచర్స్‌లో హైపర్-వీ, వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫాం, విండోస్ హైపర్‌వైజర్ ప్లాట్‌ఫాం టిక్కులు తీయాలి. విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ కింద మెమరీ ఇంటెగ్రిటీ ఆపాలి, తర్వాత రీస్టార్ట్. అప్పుడు డబ్ల్యూఎస్ఎల్2, దాని మీద నడిచే డాకర్ డెస్క్‌టాప్ ఆగిపోతాయి. మెమరీ ఇంటెగ్రిటీ ఆపితే భద్రత కూడా కొంత తగ్గుతుంది.

సర్వర్‌గది:
డబ్ల్యూఎస్ఎల్2 రోజూ వాడుతుంటే ఏదీ ఆపొద్దు. పోస్ట్‌గ్రెస్, ఎంజిన్ఎక్స్ దానిలోనే నడుస్తాయి, వీఎం అక్కర్లేదు. నెట్‌వర్క్, బూట్, డిస్క్ పార్టిషన్లు కూడా నేర్చుకోవాలంటే మాత్రం వీఎం ఉంచి, సీపీయూ 1కి తగ్గించి ఒకసారి చూడండి. తాబేలు ఉన్నప్పుడు రెండు కోర్ల కంటే ఒక్క కోరే మెరుగ్గా నడిచే సందర్భాలున్నాయి. మార్చే ముందు షట్‌డౌన్ చేసి స్నాప్‌షాట్ (వెనక్కి వెళ్లడానికి వీఎం అప్పటి స్థితి) తీసుకోండి, పని కుదిరాక దాన్ని డిలీట్ చేయండి. వదిలేస్తే డిస్క్ తినడమే కాదు, రేపు సైజు పెంచాలన్నా అడ్డం వస్తుంది.