పాత షాంపేన్: మడ్డి మీద నిద్రపోయినదా, బిరడా కింద ముదిరినదా?

మార్న్ ఒడ్డు:
పోయిన శనివారం పారిస్‌లో రైలెక్కి ముప్పావు గంటలో రాన్స్‌లో దిగాను. మన పటాల్లో రీమ్స్ అని రాసే ఊరు. అక్కడ నా సహోద్యోగి ఇంట్లో ఎనిమిది మందిమి కలిశాం. వాళ్ల నాన్న దాచిన సీసాలు చాలానే తెరిచాడు కానీ నేను రాయాలనుకున్నది రెండింటి గురించే. రెండూ బొలింజే అనే షాంపేన్ సంస్థవి, రెండూ 1996 పంట. ఒకటి మామూలు సమయానికే మడ్డి తీసిన లా గ్రాండ్ ఆనే. విడుదలైనప్పుడే కొని ఇంటి నేలమాళిగలో ఉంచేశారు. రెండోది ఆర్.డి., అంటే మడ్డిని ఆలస్యంగా తీసినది.

ఈ తేడా తెలియనివారి కోసం కాస్త చెబుతాను. షాంపేన్ రెండోసారి పులిసేది సీసాలోనే. పని అయిపోయిన ఈస్టు చచ్చి అడుగున మడ్డిగా చేరుతుంది. పంట సంవత్సరం వేసి అమ్మే సీసాను కనీసం 3 ఏళ్లు నేలమాళిగలో ఉంచాలని అక్కడి నిబంధన. ఆ తరువాత మడ్డి తీసి, కొద్దిగా తీపి కలిపి, కొత్త బిరడా బిగిస్తారు. ఆర్.డి.కి ఆ మడ్డిని ఇంకా ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తారు. ఆ సంస్థను నడిపిన లిలీ బొలింజే ఈ దారి తెరిచింది 1952 పంటతో.

మొదటి సీసా బిరడా తీసినప్పుడు టప్‌మనలేదు. చిన్న నిట్టూర్పు, అంతే. బిరడాను నా చేతిలో పెట్టారు. కొత్త సీసాది అయితే తీయగానే అడుగుభాగం పావడాలా విప్పారుతుంది, ఫ్రెంచివారు దాన్ని జుపోనే అంటారు. ఇది నిటారుగా, మేకులా బిగుసుకుపోయి ఉంది. దీన్ని షెవియే అంటారు. గ్లాసులో రంగు పాత ఇత్తడి చెంబు రంగు. బుడగలు అక్కడొకటి ఇక్కడొకటి. వాసనలో నేతిలో వేయించిన జీడిపప్పు, మామిడి తాండ్ర, ఆ వెనక పుట్టగొడుగు. నోట్లో మాత్రం ఆ 1996 పులుపు ఇంకా కత్తిలాగే ఉంది. రెండోది నిమ్మ తొక్క, తడి సుద్ద, నురుగు పట్టుగా. బాగుంది, చాలా బాగుంది. కానీ దానికి వయసు వచ్చినట్టు నాకు అనిపించలేదు.

అందుకే అడుగుతున్నాను. మడ్డి మీద ఉంచడమంటే వయసును ఆపి ఉంచడమే కదా? పాత షాంపేన్ అనే పేరు బిరడా కింద ముదిరిన సీసాకే చెల్లుతుందని నా నమ్మకం.

సుద్దనేల:
ఆపి ఉంచడం అన్న మాట ఒప్పుకోలేను. మడ్డి ఊరికే పడి ఉండదు. చచ్చిన ఈస్టు కణాలు మెల్లగా విచ్చుకుని తమలోని పదార్థాలను వైన్‌లోకి వదులుతాయి. నోట్లో ఆ వెన్నలాంటి నునుపు, రొట్టె కాల్చిన వాసన అక్కడినుంచి వచ్చేవే. పైగా లోపలికి చొరబడే ఆక్సిజన్‌ను ఆ మడ్డే పీల్చేస్తుంది. మీరు గ్రాండ్ ఆనేలో మెచ్చుకున్న పుట్టగొడుగు వాసన, నా లెక్కలో, వైన్ అలసిపోతున్న గుర్తు.

ఇంకో మాట. ఆ ఆర్.డి. మడ్డి తీసి కూడా పదేళ్లు దాటి ఉండాలి. వెనక చీటీ మీద తేదీ ఉంటుంది, చూశారా? అంటే అది కూడా బిరడా కింద ముదిరినదే. మీ పోలికే సరిగ్గా నిలబడదు.

మూడో గ్లాసు:
బుడగలు పోయాక దాన్ని షాంపేన్ అని ఎందుకు అనాలి? కొత్త సీసాలో 6 అట్మాస్ఫియర్ల దాకా ఒత్తిడి ఉంటుంది. అంత శ్రమపడి సీసాలో బంధించింది దానికోసమే. అది పోయేదాకా దాచడం నాకు బాధగా ఉంటుంది.

మార్న్ ఒడ్డు:
సుద్దనేల గారూ, తేదీ గురించి మీరు పట్టుకున్నది నిజం. చీటీ చూశాను కానీ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఆ మేరకు నా పోలిక బలహీనమే.

అయినా అసలు మాట వదలను. మడ్డి తీశాక కలిపిన చక్కెర, వైన్‌లోని అమైనో ఆమ్లాలు కలిసి ఏళ్ల మీద జరిపే చర్య ఒకటి ఉంది. రొట్టె పైపొర ఎర్రబడటంలో ఉన్న చర్యే, చల్లటి నేలమాళిగలో అతి నిదానంగా. నాకు జీడిపప్పు తోచింది దానివల్లే. మడ్డి ఎంతకాలం కాపలా కాసినా ఈ పని చేసిపెట్టలేదు. ఆర్.డి.లో తీపి చాలా తక్కువ కలుపుతారు, కాబట్టి అది ఈ దారిలో అంత దూరం నడవదని నా అభిప్రాయం.

బాల్టిక్ సముద్రపు సీసాలు గుర్తున్నాయా? 2010లో ఆలండ్ దీవుల దగ్గర మునిగిన ఓడలో 168 దొరికాయి, వాటిలో వవ్ క్లికో అనే పాత షాంపేన్ సంస్థ సీసాలూ ఉన్నాయి. సుమారు 170 ఏళ్లు చలిలో, చీకటిలో ఉన్నాయి. లీటరుకు 140 గ్రాములకు పైగా చక్కెర ఉంది. గ్లాసులో పోయగానే తడి వెంట్రుకల వాసన వచ్చిందట, కాసేపు తిప్పాక పొగ, తోలు, మసాలా బయటపడ్డాయట. బిరడా కింద అంతకాలం బతికిన వైన్‌ను అలసిపోయిందని ఎలా అంటాం?

మూడో గ్లాసు గారూ, పాత బియ్యమే కావాలని అడిగి మరీ కొనే ఇళ్లలో పెరిగాం మనం. బుడగ తగ్గాక ఆ వైన్‌ను వెడల్పు గ్లాసులో, మరీ చల్లగా కాకుండా పోసి చూడండి. సన్నటి ఫ్లూట్ గ్లాసులో దాని వాసనంతా ఇరుక్కుపోతుంది.

సుద్దనేల:
సముద్రగర్భం ఎవరి ఇంట్లోనూ లేదు కదా. నా అసలు బాధ అది. రాన్స్ కింద సుద్దరాతి గుహల్లో ఏడాది పొడుగునా 10 డిగ్రీల అటూఇటూ ఉంటుంది. సంస్థ దగ్గర మడ్డి మీద ఉన్న సీసా ఆ గుహ దాటి రాలేదు. పాత సీసా అలా కాదు, ఎన్ని గోదాములు, ఎన్ని ఎండలు చూసిందో తెలియదు. నేను ఒకసారి ఒక దుకాణంలో పాత సీసా కొన్నాను. తెరిస్తే తడిసిన అట్టపెట్టె కంపు. బిరడా నుంచి వచ్చే టీసీఏ దోషం. ఆ సాయంత్రం కోసం ఏడాది ఎదురుచూశాను.

కృష్ణా జలాలు:
నాది వేరే సందేహం. పాప పుట్టిన ఏడాది పంట సీసా ఒకటి స్నేహితులు కానుకగా ఇచ్చారు. హైదరాబాదులో ఉంటాం. పాపకు 21 వచ్చేదాకా అలమరలో ఉంచవచ్చా?

మార్న్ ఒడ్డు:
అలమరలో వద్దండీ. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో, గదిలో ఉంచిన సీసా ఒక్క ఎండాకాలంలోనే దెబ్బతినవచ్చు. మామూలు ఫ్రిజ్ కొన్ని నెలలకు సరే, అన్నేళ్లకు పనికిరాదు, బిరడా ఎండిపోయే ప్రమాదం ఉంది. ఉష్ణోగ్రత నిలకడగా ఉంచే వైన్ అలమర పెట్టగలిగితేనే దాచండి. వెలుతురు అసలు తగలనివ్వకండి. రోడరర్ సంస్థ వారి క్రిస్టల్ అనే షాంపేన్‌ను పారదర్శకమైన సీసాలో పోస్తారు కాబట్టే పసుపు కాగితం చుట్టి అమ్ముతారు.

ఇకముందు దాచడానికి మరో సీసా కొంటే, మాగ్నం, అంటే రెట్టింపు పరిమాణపు సీసా, దొరికితే అది తీసుకోండి. వైన్ రెండింతలు, మూతి దాదాపు అంతే, కాబట్టి ముదరడం నెమ్మది.

సుద్దనేల:
మాగ్నం విషయంలో మీతోనే ఉన్నాను. కృష్ణా జలాలు గారూ, సీసా వెనక చీటీ మీద మడ్డి తీసిన తేదీ ఉంటే అది ఇక్కడ రాయండి. దాన్నిబట్టి ఎన్నేళ్లు ఆగవచ్చో మేమిద్దరం చెబుతాం, ఒకే సంఖ్య చెబుతామని మాత్రం ఆశపడకండి.