గుర్తుండాలంటే మెదడు ముందు ప్రోటీన్లని విరగ్గొట్టాలా? నాకైతే ఎక్కట్లేదు

మారతహళ్ళి_మధు:
నిన్న పీజీలో పప్పన్నం తింటూ రూమ్మేట్‌తో గొడవ. వాడు బయోటెక్, నేను జావా. కొత్త విషయం మెదడులో నిలవాలంటే కొత్త ప్రోటీన్లు తయారైతే చాలదంట, పాతవి విరగాలంట. విరిగితే ఉన్నది కూడా పోవాలి కదా బాబూ? ఎవరైనా తేల్చండి, బిర్యానీ పందెం ఉంది.

వాణి_వైట్‌ఫీల్డ్:
పందెం పోయింది తమ్ముడూ. 2001లోనే ఎలుకల హిప్పోకాంపస్‌లో (కొత్త జ్ఞాపకాలు పట్టే మెదడు భాగం) ప్రోటియాజోమ్‌ని, అంటే పాత ప్రోటీన్లని ముక్కలు చేసే మిషన్‌ని, మందుతో ఆపేస్తే అప్పుడే నేర్చుకున్నది నిలవలేదు. అంతకంటే మజా 2008లో సియోల్ వాళ్ళు చేసింది. చిట్టెలుకకి ఒక పెట్టెలో షాక్ ఇస్తారు, మర్నాడు అదే పెట్టెలో పెడితే షాక్ లేకపోయినా మీసం కూడా కదపకుండా బిగుసుకుపోతుంది, అదే దాని జ్ఞాపకం, అలా ఎన్ని సెకన్లు ఉందో లెక్కపెడతారు. గుర్తొచ్చిన ఆ టైమ్‌లో కొత్త ప్రోటీన్ తయారవకుండా మందు ఇస్తే తర్వాత ఆ భయం తగ్గిపోతుంది, ఇది 2000 నుంచి తెలిసిందే. వీళ్ళు దాంతో పాటు ప్రోటియాజోమ్‌ని కూడా ఆపారు. భయం పోలేదు! అంటే గుర్తు తెచ్చుకున్నప్పుడు పాత కట్టు ఊడుతోంది, ఆ ఊడదీసేది ఈ మిషనే. ఊడ్చి కళ్ళాపి చల్లకుండా నిన్నటి ముగ్గు మీదే ఇవాళ్టి ముగ్గు వేస్తారా ఎవరైనా?

చిత్తూరోడు_బెంగళూరులో:
మా అపార్ట్‌మెంట్‌లో స్టిక్కర్ ముగ్గులే అక్కా 😄
సరే గానీ, ముగ్గు రోజూ చెరిగిపోతే డిజైన్ ఎక్కడున్నట్టు? 1984లో ఫ్రాన్సిస్ క్రిక్ (డీఎన్‌ఏ ఆకారం కనిపెట్టిన వాళ్ళలో ఒకడు) అడిగింది ఇదే, అణువులు కొన్నాళ్ళకే మారిపోతుంటే జ్ఞాపకం ఏళ్ళ తరబడి ఎలా ఉంటుందని. డీఎన్‌ఏ మీద మిథైల్ గుర్తుల్లాంటిది (డీఎన్‌ఏకి అంటుకునే చిన్న రసాయన ముక్కలు) ఏదైనా ఉండొచ్చని ఒక ఊహ కూడా వేశాడు. నా ఓటు ఎపిజెనెటిక్స్‌కే. అంటే జీన్ మారదు, ఇలాంటి గుర్తులతో దాని మీద తాళం పడుతుంది లేదా తీస్తారు. 2007లో మిల్లర్, స్వెట్ అనే సైంటిస్టులు ఆ మిథైల్ పెట్టే ఎంజైముని ఆపితే ఎలుకల్లో భయం జ్ఞాపకం నిలవలేదు.

వాణి_వైట్‌ఫీల్డ్:
సగమే చెప్పి వదిలేశావ్. అదే పేపర్లో హిప్పోకాంపస్‌లో ఆ మార్పులు ఒక్క రోజులో మామూలైపోయాయి. ఒక్క రోజు ఉండేది ఏళ్ళ జ్ఞాపకాన్ని మోస్తుందా?

చిత్తూరోడు_బెంగళూరులో:
హిప్పోకాంపస్ అద్దె ఇల్లు అక్కా, జ్ఞాపకం తర్వాత కార్టెక్స్‌కి, అంటే మెదడు పై పొరకి షిఫ్ట్ అవుద్ది. 2010లో అదే టీమ్ చూస్తే కార్టెక్స్‌లో కాల్సిన్యూరిన్ అనే ప్రోటీన్ జీన్ మీద మిథైల్ గుర్తు 30 రోజుల తర్వాత కూడా అలాగే ఉంది.

నిద్రలేని_నాని:
బ్రో, ఒక న్యూరాన్‌కి (మెదడు కణానికి) డీఎన్‌ఏ ఉండే న్యూక్లియస్ ఒక్కటే, పక్క న్యూరాన్లతో కలిసే చోట్లు, అంటే సినాప్స్‌లు, వేలల్లో. తాళం న్యూక్లియస్‌లో పడితే ఏ సినాప్స్ గట్టిపడాలో ఎవడు చెప్తాడు? నాకు ఎపిజెనెటిక్స్ మీద ఉన్న డౌట్ ఇదొక్కటే, కానీ పెద్దది.

వాణి_వైట్‌ఫీల్డ్:
1997లో ఫ్రే, మోరిస్ అనే సైంటిస్టులు చూపించారు నానీ, పనిచేసిన సినాప్స్ ముందే ఒక ట్యాగ్ పెట్టుకుంటుంది, కొత్త ప్రోటీన్ల సరుకు వచ్చినప్పుడు ట్యాగ్ ఉన్నదే పట్టుకుంటుంది. అసలు ప్రోటీన్లు విరగ్గొట్టే పార్టీ, ఎపిజెనెటిక్స్ పార్టీ, ఈ రెండూ వేరు కాదనేది నా గోల. ఏంజిల్‌మన్ సిండ్రోమ్ అనే అరుదైన జీన్ జబ్బు చూడండి. యూబీఈ3ఏ అనే జీన్ చేసే పని ప్రోటీన్లకి యుబిక్విటిన్ అనే చీటీ తగిలించడం, అది తగిలాకే ప్రోటియాజోమ్ పట్టుకుని ముక్కలు చేస్తుంది. న్యూరాన్లలో నాన్న నుంచి వచ్చిన కాపీకి ఎపిజెనెటిక్ తాళం, అమ్మ కాపీ ఒక్కటే పనిచేస్తుంది. అమ్మ కాపీ పోతే పిల్లలకి మాట దాదాపు రాదు, నేర్చుకోవడం చాలా కష్టం. ఇప్పుడు చెప్పండి, ఇది చెత్త ఊడ్చే సమస్యా, తాళం సమస్యా?

(ఇది చదివి ఎవరూ మెమరీ పౌడర్లు కొనకండి, మా పక్కింటావిడ కొడుక్కి ఒక ట్యూషన్ వాడు అంటగట్టాడు, వాసన చూస్తే ఉట్టి బాదం.)

మారతహళ్ళి_మధు:
బిర్యానీ పోయినట్టే 😭 అక్కా, ముగ్గు అన్నావని ఇందాక అమ్మకి ఫోన్ చేసి మెలికల ముగ్గుకి చుక్కలెన్ని అని అడిగా. "15 నుంచి 8 దాకానేమో... ఏమో నాయనా, పిండి చేతికిస్తే వేస్తాను గానీ ఇలా ఫోన్లో అడిగితే ఎలా" అంది. మరి ఇది ఏ ఖాతా?

వాణి_వైట్‌ఫీల్డ్:
అది చేతి అలవాటు, హిప్పోకాంపస్ లేకపోయినా నడుస్తుంది, ఈ చిట్టెలుకల కథ దానికి అతకదు. వేరే థ్రెడ్ పెట్టు. ముందు బిర్యానీ ఇప్పించు మీ రూమ్మేట్‌కి.