సమస్య: మిండఁ డింటికి వచ్చిన మేలు గలుగు

నిర్వాహకుడు: ఇది నాలుగు పాదాల తేటగీతి పద్యంలో చివరి పాదం, పై మూడూ మీరు పూరించాలి. ఇచ్చే ముందు నేనూ కొంచెం జంకాను. మన వరంగల్ దిక్కు ‘మిండడు’ అనే మాట కొట్లాటల్లో తప్ప వినబడదు. కానీ పుట్టుకలో తప్పేం లేదు. తమిళంలో మిండు అంటే బలం, కన్నడంలో మిండ అంటే పడుచువాడు కూడా. బలవంతుడు పడుచువాడై, ప్రియుడై, చివరికి మనదగ్గర విటుడిగా, తిట్టుగా మిగిలాడు. సంస్కృతం విటుడికి దీనితో చుట్టరికం లేదు.

జనగామ మాస్టారు:
జంగమంబన్న శివుఁడని చాటె బసవఁ
డెట్టి వాఁడైన నాతని కెదురు పోయి
కాళ్లు గడిగెను, మదిలోనఁ గల్ల లేక
మిండఁ డింటికి వచ్చిన మేలు గలుగు

నిర్వాహకుడు: మాస్టారూ, బసవడి కథ రాసిన పాల్కురికి సోమన దగ్గరికే తీసుకుపోయారు. ఆయన బసవపురాణంలో మిండజంగాలు, అంటే వేశ్యల ఇళ్లకు పోయే జంగమ శివభక్తులు, ఉండనే ఉన్నారు. వాళ్లలాగే వేశ్య ఇంటికి పోయి అక్కడా శివుణ్నే చూసిన ముగ్ధసంగయ్య కథ తెలిసినవాళ్లకు పూరణ ఇట్టే అందుతుంది. ఒక్క చిక్కు: ‘కల్ల లేక’ అంటే కల్ల లేనిది బసవడికా, వచ్చిన మిండడికా? ‘లేదు’ అని అక్కడే వాక్యం ఆపండి. గణం (అక్షరాల లయ లెక్క) చెడదు, అన్వయం (మాటల పొందిక) నిలుస్తుంది.

నర్సంపేట సభ్యురాలు:
మిర్చి బస్తాలు నడవలో మిగిలి పోయె;
మోయు వారేరి? ముసలమ్మ మొత్తుకొనియె;
కండ గల వాఁడు, పొరుగింటి గట్టి కుఱ్ఱ
మిండఁ డింటికి వచ్చిన మేలు గలుగు

నిర్వాహకుడు: భలే మేడమ్! ‘కండ గల’ అనడంతో పాత అర్థం లేచి కూర్చుంది. యతులన్నీ (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కలవడం) సరిపోయాయి. కానీ ‘పొరుగింటి’ అన్నారు చూడండి, పారిపోయిన కొత్త అర్థం మళ్లీ తలుపు తట్టింది. అది కావాలనే చేశారేమో, నాకైతే నచ్చింది.

హనుమకొండ సభ్యుడు: సార్, క్రీడాభిరామం కావ్యం మీద మొదలుపెట్టిన. ఒక్క పాదమే అయింది.
ఓరుగల్లున మంచన వీథిఁ దిరుగ

నిర్వాహకుడు: ఆ కావ్యంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి కాకతీయుల ఓరుగల్లు అంతా తిరిగినవాళ్లే, మంచి చోటే పట్టావు తమ్మీ. గణాలు సరే, యతి పోయింది. ‘ఓ’కు ‘వీ’ కలవదు. ‘మంచన యూరు దిరుగ’ అను, ఓకు ఊ చెల్లుతుంది. మిగతా రెండు పాదాలేవి?

హనుమకొండ సభ్యుడు: రాత్రికి పంపుత సార్. సమస్య రాసుకున్న కాగితం ఫ్రిజ్ మీద పెట్టిన, మా ఇంటామె చదివి ఎవడొస్తున్నడని అడుగుతుంది. ముందు ఆమెకు అర్థం చెప్పాలె.