గోర్ట్ లాంటి సంత ఊరికి ముందు కావలసింది ఏది: అంచున కొత్త ఇళ్ళా, నడివీధిలో పాత ఇళ్ళా?

చలిమంట

ఐర్లండ్ పశ్చిమాన, గాల్వే కౌంటీలో, గోర్ట్ అనే చిన్న సంత ఊళ్ళో ఆరేళ్ళుగా ఉంటున్నాను. ఉద్యోగం సుమారు 35 కిలోమీటర్ల దూరంలో గాల్వే నగరంలో. గోర్ట్ అంటే ఐరిష్ భాషలో చేను అని అర్థం. జనాభా మూడు వేలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఊరి మధ్య చదరంగా ఉన్న సంత మైదానం, దాని నుంచి సాగే ప్రధాన వీధి, ఆ వీధికి ఇరువైపులా రెండు మూడు అంతస్తుల పాత కట్టడాలు, ఇదీ ఊరి స్వరూపం. గాల్వే నుంచి లిమరిక్ వెళ్ళే లారీలన్నీ ఒకప్పుడు ఈ వీధి గుండానే పోయేవి. 2010 నవంబరులో బైపాస్ తెరిచాక ఆ రొద పోయింది, దానితోపాటు టీ తాగడానికి దిగే బాటసారి కూడా పోయాడు. అదే ఏడాది మార్చిలో, 1976లో ఆగిపోయిన ప్రయాణికుల రైలు మళ్ళీ మొదలైంది.

ఇప్పుడు ఊరి భవిష్యత్తు ప్రణాళిక గురించి ఎక్కడ నలుగురు కలిసినా వాదన ఒక్కటే. ఊరి అంచు పొలాల్లో కొత్త ఇళ్ళకు అనుమతులు ఇవ్వాలా, లేక నడివీధిలో ఖాళీగా ఉన్న ఇళ్ళు నిండేదాకా ఆగాలా? నేను రోజూ దాటే ఒక దుకాణానికి కింద అద్దాల వెనుక పాత ప్రకటన ఇంకా వేలాడుతోంది, పైన పొగగొట్టంలో ఒక మొక్క మొలిచి ఏటా పూస్తోంది. అద్దెకు ఇల్లు దొరకక సహోద్యోగులు పక్క ఊళ్ళకు పోతున్నారు. ఈ రెండు దృశ్యాలూ ఒకే వీధిలో ఎలా ఇముడుతున్నాయో నాకు అర్థం కావడం లేదు. మీ అభిప్రాయాలు చెప్పండి.

పటంగీత

చలిమంట గారూ, నా వృత్తి పట్టణ ప్రణాళికే కాబట్టి నా మొగ్గు ఎటో దాచను. నడివీధే ముందు. 2018లో ప్రకటించిన జాతీయ ప్రణాళికా చట్రం ప్రకారం, అయిదు నగరాలను మినహాయిస్తే, మిగిలిన ఊళ్ళలో కట్టే కొత్త ఇళ్ళలో కనీసం 30 శాతం ఇప్పటికే కట్టడాలున్న పరిధిలోనే రావాలి. 2022 ఫిబ్రవరిలో వచ్చిన 'టౌన్ సెంటర్ ఫస్ట్' విధానం ఉద్దేశం కూడా ఇదే. ఇది కేవలం పాత కట్టడాల మీద మమకారం కాదు. నడివీధిలో నీటి గొట్టం, మురుగు గొట్టం, వీధి దీపం, కాలిబాట, బడి అన్నీ ఇప్పటికే ఉన్నాయి. అంచున వంద ఇళ్ళు కడితే అవన్నీ కొత్తగా వేసి, తరతరాలు పోషించాలి.

2022 జనాభా లెక్కల రాత్రి దేశంలో 1,60,000కు పైగా ఇళ్ళు ఖాళీగా ఉన్నట్టు తేలింది. అందులో సెలవుల్లో వచ్చి ఉండే ఇళ్ళను కలపలేదు. మరో సంగతి కూడా మరవకూడదు. 2008 ఆర్థిక పతనం తరువాత, 2010లో లెక్క తీస్తే, సగంలో ఆగిన గృహ సముదాయాలు 2,800కు పైగా బయటపడ్డాయి. వాటిలో చాలావరకు ఎవరో ఒకరు 'ఊరు పెరుగుతోంది కదా' అంటూ అంచు పొలాలకు ఇప్పించిన అనుమతులే.

రాతిగోడ

పటంగీత గారి మాటల్లో ఒక్క అక్షరమూ తప్పు లేదు. కానీ నడివీధిలో ఇల్లు కొనడానికి నేను నిజంగా ప్రయత్నించాను కాబట్టి, కాగితం మీద కనిపించని సంగతి ఒకటి చెబుతాను.

మూడేళ్ళ క్రితం ఇలాంటి మరో ఊళ్ళో కింద దుకాణం, పైన రెండు అంతస్తుల ఇల్లు ఉన్న కట్టడం చూశాము. ధర చూస్తే డబ్లిన్‌లో కారు నిలిపే చోటు కూడా రాదనిపించేంత తక్కువ. లోపలికి వెళ్ళాక అసలు కథ మొదలైంది. పై అంతస్తుకు మెట్లు దుకాణం వెనుక గది నుంచే ఉన్నాయి. వీధి వైపు ఒకప్పుడు విడిగా ఉన్న తలుపును, దుకాణం వెడల్పు చేయడానికి ఎవరో ఏనాడో ఇటుకలతో మూసేశారు. దాంతో కింద అద్దెకిచ్చి పైన మేము ఉండడం కుదరదు. పైన కాపురానికి అగ్నిమాపక భద్రతా ధ్రువపత్రం రావాలంటే రెండు అంతస్తుల మధ్య మంటను ఆపే పైకప్పు కావాలి. గోడ పక్కింటితో ఉమ్మడి. పక్కింటి యజమాని చనిపోయి, వారసులు ఇద్దరు అమెరికాలో, ఒకరు ఆస్ట్రేలియాలో ఉన్నారు.

ప్రభుత్వ సాయం ఉంది, నిజమే. రెండేళ్ళకు పైగా ఖాళీగా ఉన్న ఇంటి మరమ్మతుకు 2023 మే నుంచి 50,000 యూరోల దాకా, శిథిలమైన దానికి 70,000 దాకా ఇస్తున్నారు. కానీ ఆ డబ్బు పని పూర్తయి, అధికారి వచ్చి చూశాకే చేతికొస్తుంది. అంతదాకా పనివాళ్ళకు ఇచ్చేది నా జేబులోంచే రావాలి, పైకప్పు కారుతున్న ఇంటి మీద బ్యాంకు అప్పు ఇవ్వనంటుంది. ఆకలేసినవాడికి ఆకలి తీరాక అన్నం పెడతాననడం లాంటి వరస ఇది. చివరికి మేము కొన్నది ఊరి అంచున ఉన్న ఇల్లే. తాళంచెవి తీసుకున్న రోజునే పొయ్యి వెలిగించుకున్నాము. దీన్ని నేరమంటే ఒప్పుకోను.

పటంగీత

నేరమని నేనూ అనను. ఖాళీ దుకాణాన్ని ఇల్లుగా మార్చడానికి ప్రణాళికా అనుమతి అక్కరలేకుండా 2018లో మినహాయింపు తెచ్చారు. 2024లో, కొనుగోలుకూ మరమ్మతుకూ కలిపి స్థానిక సంస్థ ద్వారానే అప్పు ఇచ్చే పద్ధతి కూడా వచ్చింది. మీరు చూసిన నాటికి ఆ రెండోది లేదు. అయినా మెట్ల సంగతి మీరు చెప్పింది పచ్చి నిజం. ఆ ఒక్క తలుపు పోవడం వల్లే ఎన్నో ఊళ్ళలో పై అంతస్తులు పావురాల పాలయ్యాయి.

సంతబాట

దేశం నడిమి ప్రాంతమైన మిడ్‌లాండ్స్‌లోని ఒక చిన్న ఊళ్ళో కిరాణా కొట్టు నడుపుతున్నాను కనుక నా బాధ వేరు. మీరంతా ఇళ్ళ గురించే మాట్లాడుతున్నారు, కానీ ప్రణాళిక పేరెత్తగానే మొదట తీసేసేది ఊరి నడిమి చదరంలోని కార్ల చోటును. రాళ్ళు పరిచి, నాలుగు చెట్లు నాటి, బల్లలు వేస్తారు. బాగానే ఉంటుంది. కానీ నా దగ్గరికి వచ్చే ముసలి రైతు పన్నెండు కిలోమీటర్ల అవతల నుంచి కారులో వస్తాడు, ఎందుకంటే అతని గుమ్మం ముందు ఆగే బస్సు లేదు. కారు నిలపడానికి చోటు లేకపోతే ఊరి బయటి సూపర్‌మార్కెట్‌కు పోతాడు, అక్కడ చోటు ఉచితం. అంచున కొత్త ఇళ్ళు వస్తే కనీసం పిల్లలున్న కుటుంబాలు వస్తాయి, వాళ్ళు నడిచి వచ్చి పాలు కొంటారు. అసలే 2021లో ఒక్క బ్యాంకే ఈ దేశంలో 88 శాఖలు మూసింది. బ్యాంకు పనికి వచ్చినవాడు పక్క దుకాణంలోకి తొంగిచూసేవాడు. ఆ అడుగూ తగ్గాక, కారు కూడా రావద్దంటే ఎలా?

పటంగీత

సంతబాట గారూ, కార్క్ కౌంటీలోని క్లోనకిల్టీలో ఎమ్మెట్ స్క్వేర్‌ను, ఆస్నా స్క్వేర్‌ను నడిచేవారికి అనువుగా తీర్చిదిద్దారు. 2017లో ఆ ఊరికి అకాడమీ ఆఫ్ అర్బనిజం బహుమతి వచ్చింది. అక్కడి వ్యాపారం పడిపోలేదు.

సంతబాట

క్లోనకిల్టీకి సముద్రతీరం ఉంది, వేసవిలో పర్యాటకులు ఉన్నారు. గోర్ట్‌కు, మా ఊరికి పశువుల సంత ఉంది. చదరాన్ని బాగుచేయవద్దని నేను అనడం లేదు. చదరానికి వెనుక వీధిలో రెండు నిమిషాల నడకలో కార్లకు చోటు చూపించి, ఆ తరువాతే రాళ్ళు పరచమంటున్నాను. వరస తారుమారైతే ఆ మధ్యకాలంలో చచ్చేది నా కొట్టే.

నాపరాయి

నేను నీటి వనరుల రంగంలో పని చేస్తున్నాను. ఇక్కడ ఇంతదాకా ఎవరూ నేలను చూడలేదు, అది కొంచెం వింతగా ఉంది. 'అంచున పొలాలు ఖాళీగా ఉన్నాయి కదా' అనే మాట గోర్ట్ విషయంలో అంత తేలిక కాదు. ఆ ప్రాంతమంతా సున్నపురాయి నేల. రాతిలో నీరు తొలిచిన సొరంగాలున్నాయి. నదులు కొంత దూరం పైన పారి, ఒక గోతిలో దిగి మాయమై, మరోచోట పైకి వస్తాయి. చివరికి ఆ నీరు కిన్వారా దగ్గర సముద్రం ఒడ్డున ఊటలుగా బయటపడుతుంది. ఈ నేల మీద టర్లాక్ అనే చెరువులుంటాయి: చలికాలంలో నిండుతాయి, వేసవిలో అడుగు గడ్డినేలగా మారి పశువులు మేస్తాయి. జూన్‌లో పొలం కొనేవాడికి అది పచ్చిక, జనవరిలో కాపురమున్నవాడికి అది చెరువు. నది పొంగితే వరద రెండు మూడు రోజుల్లో తీస్తుంది, ఇక్కడ భూగర్భ సొరంగాలు మింగగలిగినంతే తీస్తుంది, అందుకే వారాల తరబడి నిలుస్తుంది. 2009లోనూ, 2015-16 చలికాలంలోనూ ఈ చుట్టుపక్కల దారులూ ఇళ్ళూ అలా చిక్కుకున్నాయి.

కాబట్టి అంచు అంటే ఏ అంచు అని ముందు అడగాలి. ఈ ప్రాంతంలో మెరక నేల చూసి కట్టిన పాతవాళ్ళు అమాయకులు కారు. వ్యర్థజలం సంగతీ అంతే. ఇలాంటి రాతిలో పైన వదిలింది ఎక్కడ తేలుతుందో చెప్పడం కష్టం, కనుక విడివిడిగా సెప్టిక్ ట్యాంకులతో పొలాల్లో లేచే ఇళ్ళకంటే ఊరి మురుగు గొట్టానికి కలిపిన ఇళ్ళే మేలు.

చలిమంట

నాపరాయి గారూ, మా వెనుక ఉన్న పొలాన్ని ఈ చలికాలం మరో కంటితో చూస్తాను.

ఒక సంగతి నేను మొదట చెప్పవలసింది, మరిచాను. ఈ ఊళ్ళో బ్రెజిల్ నుంచి వచ్చినవారు చాలామంది ఉన్నారు. 1990ల చివర్లో మాంసం కర్మాగారాల్లో పనికి, ఎక్కువగా గోయాస్ రాష్ట్రంలోని అనాపోలిస్ నుంచి వచ్చారు. పతనం తరువాత చాలామంది వెళ్ళిపోయారు, మిగిలినవారి పిల్లలు ఇప్పుడు ఇక్కడి యాసలో మాట్లాడుతున్నారు. నడివీధిలో దీపం వెలిగే పై అంతస్తుల్లో చాలావరకు వారివే, అన్నీ అద్దెకే. మరమ్మతు సాయం మీద జరిగే చర్చంతా సొంతదారు గురించే. రేపు వీధి బాగుపడి అద్దె పెరిగితే, ఇన్నాళ్ళూ ఆ వీధిని బతికించినవారు ఏ ఊరికి పోవాలి?

ఇక్కడ మనవాళ్ళలో చాలామందికి తెలియని విషయం కూడా ఒకటుంది. పౌరసత్వం లేకపోయినా, ఇక్కడ నివసించే ఎవరికైనా స్థానిక ఎన్నికల్లో ఓటు ఉంది, పోటీ చేసే హక్కూ ఉంది. ప్రణాళిక ముసాయిదా మీద రాతపూర్వకంగా అభిప్రాయం ఎవరైనా పంపవచ్చు.

రాతిగోడ

పంపవచ్చు, కానీ చదివేది ఎవరు? 2014లో దేశంలోని 80 పట్టణ మండళ్ళను రద్దు చేశారు. మీ కౌంటీలో ట్యూమ్, బాలినస్లో, లాక్రే తమ మండళ్ళను అప్పుడే పోగొట్టుకున్నాయి. ఇప్పుడు మీ చదరంలో ఒక చెట్టు గురించి నిర్ణయం కూడా గాల్వేలోని కౌంటీ కార్యాలయం నుంచే రావాలి.

అయినా నేను నా మాటను కొంత సవరించుకుంటున్నాను. అంచు ఇళ్ళు వద్దనడం లేదు, కానీ వాటిని సమర్థించడానికి నేను చెప్పిన కారణం నిజానికి నడివీధి చేతకానితనం కాదు, ఒంటరి కుటుంబం చేతకానితనం. వారసులు మూడు ఖండాల్లో ఉన్న గోడను నేను కొనలేను, కౌన్సిల్ కొనగలదు. 1990 నాటి శిథిల స్థలాల చట్టం కింద స్వాధీనం చేసుకునే అధికారం ఉంది, మార్కెట్ విలువలో ఏడాదికి 7 శాతం సుంకం వేసే అధికారమూ ఉంది. లిమరిక్ కౌన్సిల్ 2019 నుంచి వరసగా అలాంటి కట్టడాలను స్వాధీనం చేసుకుని తిరిగి అమ్ముతోంది. నా అభిప్రాయంలో అమ్మే ముందు పైకప్పు కారడం ఆపి, మెట్లకు విడి తలుపు పెట్టి ఇస్తే చాలు. లోపలి గోడలకు రంగు నేనే వేసుకుంటాను.

సంతబాట

అలా నాలుగు కుటుంబాలు నా కొట్టు పైన కాపురముంటే, కార్ల చోటు గురించి నా గొంతు సగం తగ్గిస్తాను. సగమే.

చలిమంట

ముసాయిదా మీద నేను పంపే అభిప్రాయంలో ఆ తలుపు సంగతే రాస్తాను. ఈ శనివారం ప్రధాన వీధి ఒక చివర నుంచి మరో చివర దాకా నడిచి, పై అంతస్తుకు విడి తలుపు ఉన్న కట్టడాలెన్నో, లేనివెన్నో లెక్కపెట్టి జతచేస్తాను. నాపరాయి గారూ, వీలైతే వెనుక పొలాల్లో నీరు ఎక్కడిదాకా వస్తుందో గుర్తుపట్టే పద్ధతి ఒకటి చెప్పండి.

నాపరాయి

రాతి గోడల మీద నల్లటి నాచు ఎంత ఎత్తు దాకా ఉందో చూడండి. టర్లాక్ అంచుల్లో ఒక రకం నల్ల నాచు నీరు తరచుగా చేరే ఎత్తు దాకా పెరుగుతుంది.

రాతిగోడ

లెక్కపెట్టేటప్పుడు మూసేసిన తలుపులను కూడా విడిగా రాయండి. గిలాబా వేసినా, పక్కవాటంగా ఎండ పడినప్పుడు పాత గడప చుట్టూ కమాను గీత తెలిసిపోతుంది.